ఏ ఊరి గింజ?

జ్యేష్ఠమాసపు తొలి జల్లులు అనంతగిరి కొండలమీద పడి, గరువు నేలలనుండి మట్టివాసన లేచుచుండు దినములలో అరకు సంతకు పోయి, పసుపుకొమ్ముల రాసులను, చింతపండు బుట్టలను, అడ్డాకుల కట్టలను, ఎండుచేపల వాసనను, అద్దములు దువ్వెనలు అమ్ము దుకాణముల సందడిని దాటి కొంచెము ఎడముగా నడచినచో, గోనెపట్టాలు పఱచుకొని చిన్న చిన్న వెదురుబుట్టలలో సామలు, చోళ్ళు, కొఱ్ఱలు, వలిసెలు, కందులు, బొబ్బర్లు పెట్టుకొని కూర్చున్న స్త్రీలు కనబడుదురు. వంటకు గింజలు కొనువాడు ధర యడిగి, బేరమాడి, కొలిపించుకొని పోవును. విత్తుటకు కొనువాడు మొదట ధర యడుగడు. గుప్పెడు గింజలు అరచేత పోసికొని, పొట్టు ఎగిరిపోవునట్లు ఊది, ఒక గింజను పంటికింద పెట్టి నొక్కి, అది చిట్లిన చప్పుడు విని, అటుపిమ్మట అడుగును.

“ఏ ఊరి గింజప్పా ఇది?”

“మా ఊరిదే. మా గరువులో పండిందే.”

“రాతిగరువా, మట్టిగరువా?”

“రాతిగరువు. వానలు ముందే ఆగిపోయినా పండింది. తీసికెళ్లు.”

ఈ నాలుగు మాటలలో ఒక శాస్త్రము ఇమిడియున్నది. పంటికింద గింజ టప్పున చిట్లినచో తేమ తక్కువ యని అర్థము. మెత్తగా నలిగినచో అది నిలువయుండి మొలకెత్తు గింజ కాదు. ఏ ఊరిదని యడుగుటలో ఆ గింజ యెంత యెత్తున, ఎట్టి వానలో, ఎట్టి చలిలో పెరిగినదో తెలిసికొను తలంపున్నది. రాతిగరువా యని యడుగుటలో దాని పంటకాలము, నేలసారమును అది కోరు మేర తెలియును. ధర చివరకు వచ్చును. ఆ ధరయు, అదే బుట్టలోని గింజను వంటకు కొనువా రిచ్చు ధరకంటె తఱచుగా కొంచె మెక్కువగనే యుండును.

ధాన్యమునకును విత్తనమునకును శరీరమున భేదము లేదు. రెండును ఒకే వెన్నునుండి రాలినవే. కాని విత్తనము కొనువాడు కొనుచున్నది ఆ గింజలో దాగిన భవిష్యత్తును. అది మొలచునా, నమ్మిన రకమే యగునా, వాన ముందుగా వెనుకంజ వేసినచో గట్టెక్కునా యన్నది కొనునాడు కంటికి కనబడదు. కనబడునప్పటికి ఋతువు గడచిపోయి యుండును. ఇట్లు అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియని గుణము గల సరకుల బజారు ఎట్లు చెడిపోవునో 1970లో అమెరికను ఆర్థికశాస్త్రజ్ఞుడు జార్జి అకెర్లాఫ్ పాతకార్ల వ్యాపారమును ఉదాహరణముగా తీసికొని నిరూపించెను. మంచిదేదో చెడ్డదేదో తెలియనపుడు కొనువాడు అన్నిటికిని తక్కువ ధరయే యిచ్చును, ఆ ధరకు మంచి సరకు గలవాడు అమ్మక తొలగిపోవును, తుదకు బజారున చెడ్డదే మిగులును. ఈ కృషికి ఆయనకు 2001లో నోబెల్ బహుమానము లభించినది. విత్తనపు బజారు ఈ వ్యాధికి మిక్కిలి లోబడునట్టిది. దానికి లోకములో మూడు మందులు కనుగొనబడినవి: ప్రభుత్వపు చీటి, కంపెనీ పేరు, ఎఱిగిన మనిషి.

మొదటి మందు మనదేశమున 1966 నాటి విత్తన చట్టముతో స్థిరపడినది. పరిశోధన క్షేత్రమున శాస్త్రజ్ఞుని స్వీయ పర్యవేక్షణమున పండిన బ్రీడరు విత్తనమునకు బంగారు పసుపురంగు చీటి, దానినుండి పండించిన ఫౌండేషను విత్తనమునకు తెల్లచీటి, దానినుండి పండించి రైతునకు చేర్చు సర్టిఫైడు విత్తనమునకు నీలిచీటి కట్టుదురు. వరికైనచో నూటికి 98 పాళ్ళు శుద్ధమైన గింజయు, 80 మొలకయు, 13 శాతమునకు మించని తేమయు నుండవలెను. సంతలో పంటితో చేసిన పరీక్షనే ఇచట యంత్రముతో చేయుచున్నారు. ఎవరిదో తెలియని చేనినుండి వచ్చిన గింజను ఎవరో తెలియని రైతు నమ్మికతో విత్తుకొనునట్లు చేసిన ఈ యేర్పాటు చిన్నది కాదు. పల్లపు సీమలలో వరి దిగుబడి పెరుగుటకు ఇది చేసిన మేలు నెవ్వరును కాదనజాలరు.

మఱి ఈ చీటి కొండ యెక్కునప్పటికి ఏల చిక్కుపడుచున్నది? దీనికి సమాధానము గింజ యొక్క శరీరధర్మమునందే యున్నది.

సామ నెకరమునకు విత్తుటకు 4 కిలోలు చాలును. పంట 300 కిలోలు వచ్చిన దనుకొందము. ఆ పంట మరుసటి యేడు 75 ఎకరములకు విత్తనమగును. ఆ 75 ఎకరముల పంట ఆపై యేడు 5,600 ఎకరములకు సరిపోవును. అనగా ఒక గంపెడైనను కాని గింజ రెండు పంటలలో ఒక మండలమంతయు వ్యాపింపగలదు. పైగా సామయు చోడియు తమ పుప్పొడితో తామే ఫలదీకరణము చెందు మొక్కలు. తల్లి యెట్లున్నదో పిల్లయు నించుమించుగా నట్లే యుండును. మంచి సామవిత్తు ఒకసారి దొరికిన రైతునకు మఱల బజారునకు రావలసిన పని లేదు. ఒక్కసారి కొని తిరిగిరాని గిరాకీకొఱకు గోదాము కట్టి, లారీ యెక్కించి, ఘాటురోడ్డుమీద పంపు కంపెనీ యెక్కడనైన నుండునా? మన్యమున సామవిత్తనపు కంపెనీ లేకపోవుటకు గిరిజనుని వెనుకబాటు కారణము కాదు; సామ యొక్క ఔదార్యమే కారణము.

మొక్కజొన్న కథ వేఱు. 1908లో జార్జి షల్ అను శాస్త్రజ్ఞుడు, మొక్కజొన్నను తరతరములు స్వపరాగముతో బలహీనపఱచి, అట్టి రెండు శుద్ధవంశములను సంకరము చేసినచో పుట్టిన తొలితరము అసాధారణ బలముతో పెరుగునని చూపెను. ఆ తొలితరపు కంకినుండి గింజలు తీసి మఱల విత్తినచో గుణములు చెదరి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దిగుబడి తఱుగు. హైబ్రీడు గింజయందు కంపెనీకి కావలసిన తాళము ప్రకృతియే వేసినది. ఏటేట కొనక తప్పదు. అందువలననే ఏ ప్రైవేటు విత్తనపు కంపెనీ సరకు చూచినను అందు మొక్కజొన్నయు, ప్రత్తియు, కూరగాయలును ముందుండును, సామ చోడి కనబడవు.

వలిసెల సంగతి మఱియు చిత్రమైనది. కార్తిక మార్గశిరములలో అరకులోయ పసుపుచీర కట్టినట్లు కనబడుటకు కారణమైన ఈ పైరు తన పుప్పొడిని తాను స్వీకరింపదు. తేనెటీగ మఱొక మొక్కనుండి తెచ్చినదే దానికి పనికివచ్చును. కాబట్టి ఒక చేనివాడు ఎంత శ్రద్ధగా రకమును కాపాడుకొనదలచినను ప్రక్క చేని గుణము గాలిలో ఎగిరి వచ్చి చేరుచునే యుండును. ఇచట విత్తనశుద్ధి ఒక యింటివలన జరుగదు. ఊరంతయు కలిసి ఒకే మంచి విత్తు వేయవలెను. దీనికి తోడు బంగారుతీగ యను పరాన్నజీవి గింజలు వలిసెలలో కలిసివచ్చి, మరుసటి యేడు పైరును పసుపుదారములతో చుట్టి పీల్చివేయును. అవి వలిసెగింజకంటె చిన్నవి గనుక సన్నని జల్లెడతో జల్లించినచో చాలవఱకు రాలిపోవును. ఒక జల్లెడ ఖరీదు ఒక చేనిని కాపాడును. ఈ కలుపుభయముచేతనే అమెరికాకు పక్షుల మేతగా ఎగుమతియగు వలిసెలను 120 డిగ్రీల వేడిలో పావుగంట యుంచి మొలకశక్తి చంపిన పిదపనే ఆ దేశము లోనికి రానిచ్చును. ఒకే గింజ ఇచట విత్తనము, అచట పిట్టల తిండి. నడుమ పదునైదు నిమిషముల వేడి.

రాజ్‌మా, అల్లము, పసుపు వీనికి ఎదురుకొసనున్నవి. రాజ్‌మా గింజ పెద్దది. ఎకరమునకు పాతిక ముప్పది కిలోలు కావలెను, వచ్చిన పంట పది పండ్రెండు ఎకరములకు మించి విత్తనమునకు చాలదు. పైగా ఆకులను ముడుచు మొజాయిక్ వైరసు గింజలోనే దాగి తరమునుండి తరమునకు పోవును. అల్లపు దుంపకుళ్ళు విత్తు దుంపతోనే చేనికి చేరును. ఇట్టి పంటలకు ఇంటి విత్తనము ఏటేట క్షీణించుట సత్యము. బయటినుండి శుద్ధమైన విత్తనము రావలసినదే. అందులకు రాయితీ ఇచ్చుట న్యాయమే. నేను ఇంటివిత్తనమును కీర్తించుట దాని లోపములు తెలియక కాదు. ఏ పంటకు ఏ బజారు తగునో చూడక అన్నిటికిని ఒకే సంచి, ఒకే చీటి, ఒకే తేదీ నిర్ణయించుటవలన కీడు కలుగుచున్నదని మాత్రమే నా విన్నపము. పల్లములో కాలువ నీటికి విత్తు రైతునకు పదిదినముల ఆలస్యము సహ్యమగును. కొండవాలున వానను నమ్ముకొన్నవానికి ఆ పదిదినములే సంవత్సరము.

ఇంటివిత్తనమును గూర్చి చెప్పుచు దాని నిలయమును చెప్పకుండుట తగదు. మన్యపు టింటిలో విత్తనము దాచు చోటు పొయ్యిమీది అటుక. మొక్కజొన్న కంకుల తొక్కలను వెనుకకు మడిచి జంటలుగా ముడివేసి దూలమునకు వ్రేలాడగట్టుదురు. కందులను బొబ్బర్లను బూడిద కలిపి ఎండిన ఆనపబుఱ్ఱలో పోసి, మూతికి పేడమట్టి మెత్తుదురు. ఏండ్లతరబడి పొగచూరి నిగనిగలాడు నల్లని యా బుఱ్ఱను చేతబట్టి చూచినవారికి అది పాతసామానుగా తోచును గాని, దాని వెనుకనున్న లెక్క కాలిఫోర్నియాలో జేమ్స్ హారింగ్టన్ అను విత్తనశాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రముతో సరిపోవును. విత్తనములో తేమ ఒక పాలు తగ్గినచో దాని ఆయుర్దాయము రెట్టింపగును. నిలువచేసిన చోటి వేడి 5 డిగ్రీలు తగ్గినను రెట్టింపగును. ఇది ఆయన స్థూలసూత్రము. పొయ్యిమీద వేడి యెక్కువ కదా, ఆయువు తగ్గవలదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే; 5 డిగ్రీల వేడి పెరిగినచో ఆయువు సగమగును. కాని సముద్రమట్టమునకు 900 మీటర్ల యెత్తున, నెలలతరబడి ముసురు వీడని ఆ లోయలో, క్రింది గదిలోని గింజ గాలిలోని తేమను పీల్చుకొని మెత్తబడుచుండగా, అటుకమీది గింజ రెండు పాళ్ళ తేమ తక్కువగా నిలిచినచో ఆయువు నాలుగురెట్లగును. పోయినది సగము, వచ్చినది నాలుగింతలు. పొగ పుచ్చుపురుగును దూరముగా నుంచును. బూడిద గింజల సందులను పూడ్చి, పురుగు మేనిమీది మైనపుపూతను గీచి, దాని నెండిపోవజేయును. మేలైన కంకిని చేనిలోనే కంటితో గుర్తుపెట్టి వేఱుగా కోసి తెచ్చుట మొదలు ఈ పనియంతయు సాధారణముగా స్త్రీల చేతిది.

ఇక చైత్రమాసపు ఇటుకల పండుగ. ఇంటింటినుండియు తెచ్చిన విత్తులను గ్రామదేవత యెదుట నుంచి పూజించి, ఆ పూజ పొందిన గింజలను పంచుకొనిపోయి తమ తమ విత్తులలో కలుపుకొను ఆచారము ఈ మన్యమున కలదు. భక్తుడు దీనిని దీవెన యనును, సరియే. జీవశాస్త్రము తెలిసినవాడు దీనియందు మఱొకటికూడ చూచును: ఏ యింటి గింజ ఆ యింటిలోనే చిక్కుకొని సన్నగిలిపోకుండ, ప్రతి యింటి విత్తులో ప్రతి యింటి గింజయు పిడికెడు చేరుచున్నది, ఒక యింటిలో రకము నశించినను ఊరిలో నశింపదు. పొరుగూరి చుట్టములతో మార్చుకొను గింజయు, సంతలో కొను గింజయు ఈ వలయమునే ఊరినుండి లోయకు, లోయనుండి లోయకు విస్తరింపజేయుచున్నవి.

ఐనచో ఇంటివిత్తనమున్నవాడు సంతలో ఏల కొనవలెను? ఆషాఢ శ్రావణములు మన్యమున ఆకలి నెలలు. పాతపంట అయిపోయి కొత్తపంట చేతికి రాని ఆ కాలమున, జ్వరమువచ్చిన బిడ్డకు గంజి కాచుటకు బుఱ్ఱ మూతి పగులగొట్టిన తల్లి తప్పు చేయలేదు. అట్లు తిన్న విత్తునకు బదులు వెదకుకొనవలసివచ్చును. పూర్వమునుండియు దానికి నాము అను పద్ధతి యున్నది. విత్తునాడు కుంచెడు తీసికొన్నవాడు కళ్ళములో కుంచెడున్నర కొలిచి తీర్చును. నాము ఆపదలో ఆదుకొనును, మఱుసటి యేటికి ఆపదను పెంచి పెట్టును. విత్తనపు బజారు నడచుట గింజలమీదనే కాదు, ఆ రెండు నెలల ఆకలిమీదకూడ నడచుచున్నది. ఆ మాట మఱచిన విత్తన పథకము ఎంత మంచి రకమును పంచినను, పంచిన గింజ పొయ్యిమీది కుండలోనికి పోవుట ఆగదు.

ఇది మన కొండల విశేషము మాత్రమే కాదు. షాన్ మెగ్వైర్, లూయిస్ స్పెర్లింగ్ అను పరిశోధకులు ఆఫ్రికాలోని ఐదు దేశములందును హైతీయందును చిన్నరైతుల విత్తనము ఎచటినుండి వచ్చుచున్నదో విచారించి 2016లో ప్రకటించిరి. నూటికి 90 పాళ్ళు విత్తనము ఏ చీటియు లేని మార్గములనే వచ్చుచున్నది. అందును సగము స్థానికమైన సంతలనుండియే. విత్తనపు దుకాణముల వాటా నూటికి మూడు పాళ్ళయినను లేదు. పేదరైతు విత్తనమును ఇంటనే దాచుకొనును లేదా ఊరక మార్చుకొనునని లోకము తలచుచుండగా, ఆ విత్తనములో సగమునకు పైగా రొక్కమిచ్చి కొన్నదేయని తేలినది. సంత యనునది అవశేషము కాదు; అదియే అసలైన విత్తనపు బజారు.

చట్టము ఈ బజారునెడ ఎట్లున్నది? 1966 చట్టములోని 24వ విభాగము రైతు తాను పండించిన విత్తనమును తన యింటివద్దనే నేరుగా మఱొకరికి అమ్ముకొనుటను ఆంక్షలనుండి విడిచిపెట్టినది. 2001 నాటి మొక్కల రకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము తన 39వ విభాగమున ఇంకొక యడుగు ముందుకు వేసి, రైతు తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు, పంచుటకు, అమ్ముటకు హక్కు కలదనినది; బ్రాండు పేరు పెట్టి అమ్మరాదన్నదొక్కటే నియమము. కావున అరకు సంతలోని బుట్ట చట్టసమ్మతమే. కాని ఆ బుట్టలోని రకమునకు ప్రభుత్వ పట్టికలో పేరు లేకున్నచో రాయితీ దాని దరిచేరదు, పరిశోధన క్షేత్రము దానిని శుద్ధిచేసి తిరిగి యీయదు. నేరము లేదు, గౌరవమును లేదు.

ఈ యుపేక్ష వలన పోయినదెంతయో ప్రక్కనున్న జయపురము సాక్ష్యమిచ్చును. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేఱు రాష్ట్రమగువఱకు జయపురము మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. కొండలు ఒకటియే, తెగలును చాలవఱకు ఒకటియే. 1955 మొదలు కొన్ని సంవత్సరములు అచట జరిగిన సర్వేలో వరి నమూనాలు 1,745 సేకరింపబడినవి. నాలుగు దశాబ్దముల పిదప శాస్త్రజ్ఞులు మఱల వెదకబోయినపుడు వానిలో కొలదిభాగమే పొలములలో మిగిలియుండెను. మిగిలినవానిని కాపాడినవారిలో పాత్రపుట్ గ్రామపు గిరిజన స్త్రీ కమలా పూజారి ముఖ్యురాలు. నూఱింటికి పైగా దేశవాళి వరులను ఇంటింట అడిగి కూడబెట్టిన ఆమెకు 2019లో పద్మశ్రీ లభించినది, 2024లో ఆమె కాలధర్మము చెందినది. జయపురమున్న కోరాపుట్ సీమ సంప్రదాయ వ్యవసాయమును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయముగా గుర్తించినది.

ఒడిశా ప్రభుత్వము ఇటీవల చేసిన పని నన్ను మిక్కిలి సంతోషపెట్టినది. రైతుల చేలలోనే రైతుల కళ్ళయెదుట పోటీపెట్టి చూచి, దేశవాళి చోళ్ళలో నాలుగింటిని అధికారికమైన రకములుగా విడుదల చేసినది: కుంద్రా బాటి, లక్ష్మీపుర్ కాళియా, మాల్యబంత మామి, గుప్తేశ్వర్ భారతి. పేరులను చూడుడు. కుంద్రా, లక్ష్మీపుర్ అచటి ఊళ్ళే. సంతలో అడుగు ప్రశ్నకు సమాధానము ప్రభుత్వపు పట్టికలోనే వ్రాయబడినది.

మన వైపు చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానమున్నది. పాడేరులో గిరిజనాభివృద్ధి సంస్థ యున్నది. 1956 నుండి గిరిజన సహకార సంస్థ యున్నది. హుకుంపేట, డుంబ్రిగూడ, ముంచింగిపుట్టు చేలలో ఈనాటికిని నిలిచియున్న సామలను చోళ్ళను వాని యూరిపేరులతోనే పరీక్షించి, అచటి స్త్రీల సంఘములచేతనే పండించి, తొలివానకు పదునైదు దినములు ముందుగా ఆ సంతలకే చేర్చుటకు ఇంతకంటె వేఱు సాధనము లక్కఱలేదు. రాబోవు చైత్రమునకైనను ఆ పని మొదలుపెట్టవలెనని ఆ సంస్థలవారిని ప్రార్థించుచున్నాను.